చెయ్యి తగలని తిండి

నా దుకాణంలో తక్కెడ ఎప్పుడు మూలకు పోయిందో నాకే సరిగా గుర్తు లేదు. కత్తెర ఎప్పుడు గల్లాపెట్టె మీదికి వచ్చిందో మాత్రం బాగా గుర్తుంది. నిజామాబాద్ కోటగల్లిలో మాది మూడు తరాల కిరాణా. తాత ధర్మాబాద్ నుంచి వచ్చి పెట్టాడు, నాన్న నడిపాడు, ఇప్పుడు నేను, దేవిదాసును, కూర్చుంటున్నాను. కూర్చుంటున్నాననడం కూడా అబద్ధమే. కొన్నాళ్ళుగా కుర్చీలో పది నిమిషాలు కుదురుగా ఉండలేకపోతున్నాను. లేస్తాను, గుమ్మానికి వేలాడే చిప్స్ ప్యాకెట్ల సరాలు సవరిస్తాను, ఎదురింటి వైపు చూస్తాను, మళ్ళీ వచ్చి కూలబడతాను. ఎదురిల్లు అంజవ్వది.

అంజవ్వ పుట్టింది ఎడపల్లిలో, పెళ్ళయి వెళ్ళింది బోధన్‌కు. భర్త రాజారాం చక్కెర కార్ఖానాలో సీజన్ పని చేసేవాడు. చెరకు ఆడినన్నాళ్ళు పని, తర్వాత దొరికిన కూలి. ఆ పని కూడా తగ్గిపోయాక, ఇరవై నాలుగేళ్ళ కింద, ఏడాది పిల్ల నిరోషను చంకనేసుకుని పట్నం వచ్చారు. అతను రైస్‌మిల్లులో హమాలీగా చేరాడు. ఈమె ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. మా గల్లీలో ఇంటికొక చాట ఉంటుంది. అందులో బియ్యం తక్కువ, తంబాకు ఎక్కువ.

మొదట్లో ఆమె నా దగ్గర కొన్నవి జొన్నలు, పుట్నాలు, బెల్లం, పల్లీలు. అన్నీ తూకం సరుకులే. వచ్చిన నెలకే అనుకుంటాను, ఓ మధ్యాహ్నం పిల్లను ఎత్తుకుని వచ్చి నిలబడింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"సేటు, చెయ్యి తగలకుండ తినేదేమన్నుంటె ఇయ్యి," అంది.

ఇదేం బేరమో నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, చిన్న ఇనుప గోరుతో మూతి మడిచే చేతులవి. సబ్బుతో రుద్దినా చింతపండుతో తోమినా చేదు పోవడం లేదట. ముద్ద కలిపి నోట్లో పెడితే పిల్ల తుపుక్కున ఉమ్మేసిందట.

"నా శెయ్యే ఇసమైంది సేటు. పిల్లకు బువ్వ పెట్టే రాత సుత లేదు నాకు."

నేను ఓ బిస్కెట్ పుడ తీసి ఇచ్చాను. పిల్ల తనే పట్టుకుని చప్పరించింది, ఏడుపు ఆపింది. అంజవ్వ వెళ్ళి చాట ముందేసుకుంది. పిల్లకు తిండి, తల్లికి పని, నాకు బేరం. ఎంత మంచి పని చేశానో అనుకున్నాను. ఆ రోజంతా నా మీద నాకే ముచ్చటేసింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఒక ఇంటి సంగతి కావాలంటే వంటింట్లోకి తొంగిచూడక్కర్లేదు, కిరాణావాణ్ణి అడిగితే చాలు. ఆ బిస్కెట్ పుడ వెనకాలే బన్ను వచ్చింది. నిరోష బడికి పోయే నాటికి చిన్న చిన్న చిప్స్ ప్యాకెట్లు వచ్చాయి, సరాలు సరాలుగా. వాటిని తెంపి ఇవ్వడానికే నేను కత్తెర కొన్నది. ఆ తర్వాత రెండు నిమిషాల సేమియాలు. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో వాటినే టిఫిన్ డబ్బాలో పెట్టుకుపోయేది. "సేటు, టీవీల కొత్తది చూపిస్తుండ్రు, నీ తాన లేదా?" అని నన్నే దబాయించేది. మర్నాటికి తెప్పించేవాణ్ణి. అటు జొన్నలు పది కిలోల నుంచి ఐదుకు, ఐదు నుంచి రెండుకు దిగాయి. తర్వాత అంజవ్వ జొన్నల మాటే ఎత్తలేదు. నేనూ అడగలేదు. జొన్నల సంచికి ఎలుకల బాధ, ప్యాకెట్లకు ఆ బాధ లేదు. అదీ నా ఆలోచన.

అంజవ్వ ఒక్కతే ఇలా చేసిందనుకునేరు. చాట ఉన్న ప్రతి ఇల్లూ అంతే. చెయ్యి ఆపితే బీడీ ఆగుతుంది, చెయ్యి పెడితే తిండి చేదు. ప్యాకెట్‌కు పిల్లల పళ్ళు చాలు.

నిరోషకు పద్దెనిమిదికే పెళ్ళయింది. భర్త లారీ మీద తిరుగుతాడు, నెలలో నాలుగు రోజులు కనిపిస్తాడు. ఆమె బట్టల షోరూంలో సేల్స్ పనికి పోతుంది. కూతురు చిన్ను, ఆరేళ్ళది, పొద్దంతా అమ్మమ్మ దగ్గరే. నేను గల్లా తెరవక ముందే నా గుమ్మం దగ్గర నిలబడేది చిన్ను. పొద్దున కేకు ముక్క, మధ్యాహ్నం చిప్స్, సాయంత్రం మామిడి రసం పొట్లం. అందులో మామిడి ఎంతో నాకూ తెలియదు. ఆ పిల్లకు పప్పు తెలియదు, కూర తెలియదు. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది.

పోయిన చలికాలం బళ్ళో ప్రార్థనలో నిలబడి నిలబడి కింద పడింది. డాక్టరమ్మ రక్తం చూసింది. హిమోగ్లోబిన్ ఏడు కూడా లేదు. మందు రాసి, రెండు నెలల గడువిచ్చింది. తిండి మారాలి, పెరగకపోతే రక్తం ఎక్కించాల్సి వస్తుందంది. ఖాళీ కడుపున ఆ మందు పోస్తే పిల్ల కక్కేస్తోంది. కడుపు నిండాలంటే తినాలి, తినడానికి పిల్ల నోరు తెరవదు.

మర్నాడు అంజవ్వ వచ్చి నా సరాల కింద నిలబడింది.

"సేటు, చిన్ను అడిగితే ఇయ్యకు. ఏడ్చినా ఇయ్యకు. నీ బిడ్డ అనుకో."

"ఇయ్య. ఒట్టు," అన్నాను.

మూడు రోజులు మాట నిలబెట్టుకున్నాను. నాలుగో రోజు చిన్ను వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. అడగలేదు, ఏడవలేదు, ఊరికే చూసింది. ఆ చూపు భరించలేక అటు తిరిగాను, ఇటు తిరిగాను, లేని దుమ్ము దులిపాను. చివరికి కత్తెర తీసి ఒక ప్యాకెట్ తెంపి ఇచ్చాను. "అమ్మమ్మకు చెప్పకు బిడ్డా," అని కూడా అన్నాను. నా జన్మలో అంత నీచమైన మాట ఇంకోటి అన్లేదు.

గంట తిరక్కుండా ఖాళీ ప్యాకెట్ నా గల్లాపెట్టె మీద పడింది.

"ఇన్నొద్దులు నా శేతులకే చేదనుకున్న సేటు," అంది అంజవ్వ. గట్టిగా అనలేదు. "నీ శేతులకు సుత ఉన్నది."

ఆమె పోయాక గుమ్మానికున్న సరాలన్నీ పీకి లోపల పారేశాను. సాయంత్రానికి పదిమంది అడిగారు, మళ్ళీ కట్టాను. ఎవరికి అమ్మాలి, ఎవరికి మానాలి? ఆ ప్రశ్న అప్పటినుంచి నా కుర్చీలోనే కూర్చుంది, నన్ను కూర్చోనివ్వదు.

అంజవ్వ ఆ రోజే చాట మూలకు పెట్టేసింది. బీడీలు చుట్టి ఇవ్వకపోతే పింఛను కార్డు పోతుందని బీడీ కంపెనీ మనిషి వచ్చి హెచ్చరించినా వినలేదు. చేతి చేదు పోయేదాకా తంబాకు ముట్టనంది. నిమ్మకాయతో రుద్దింది, బూడిదతో తోమింది, ఉప్పునీళ్ళలో నానబెట్టింది. చేతులు పగిలాయి. కానీ పనిలేని చేతులు ఊరుకుంటాయా? గడపలో కూర్చుని మాట్లాడుతూ ఉంటే వేళ్ళు వాటంతటవే ఆడేవి. కొంగు అంచు చుట్టేది, విప్పేది. కరెంటు బిల్లు కాగితం ఇస్తే నలిపి గొట్టంలా చుట్టి మూతి మడిచేది. ఇంట్లోకీ బయటికీ తిరిగేది. ఎదురుగా నేను, నాదీ అదే తిరుగుడు. మమ్మల్నిద్దరినీ చూసి గల్లీలో నవ్వుకున్నారు.

పన్నెండో రోజు తన చేతులు తనే నాకి చూసుకుంది. చేదు లేదు. నా దగ్గరికొచ్చి చాలా ఏళ్ళ తర్వాత జొన్నపిండి అడిగింది. మా ఇంట్లో వాడుకునే పిండిలోంచి తెచ్చి ఇచ్చాను. రొట్టె చేసింది, నెయ్యి రాసింది, బెల్లం నలిపి ముద్ద చేసింది. గడపలో చిన్నును కూర్చోబెట్టుకుని నోటి దగ్గర పెట్టింది. నేను దుకాణంలోంచి కళ్ళార్పకుండా చూస్తున్నాను. పిల్ల నమిలింది, ఆగింది, బయటికి ఉమ్మేసింది.

"చేదుందా బిడ్డా?"

"లేదు. సప్పగున్నది అమ్మమ్మ. ఏం లేనట్టున్నది."

అంజవ్వ ఆ ముద్దను తన నోట్లో వేసుకుని నమిలింది. బెల్లం తియ్యగానే ఉంది మరి. చేతుల చేదుకని ఇన్నేళ్ళు భయపడితే, చెడింది పిల్ల నాలుక. ఆమె మొహంలో ఆ మాట నేను స్పష్టంగా చదివాను. ఏడ్చిందో లేదో తెలియదు, నా కళ్ళే సరిగా కనపడలేదు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఆలోచించి చేసింది కాదు. మిగిలిన రొట్టె ఆమె ఒళ్ళో ఉంది. కాస్త గోధుమపిండి కలిపి చేసింది కనక మెత్తగా మడత పడుతోంది. వేళ్ళు ఊరుకోలేదు. రొట్టెను ఆకులా చింపాయి, బెల్లం, నువ్వులు, పల్లీల పొడి తంబాకులా పోశాయి, ఒక్క తిప్పు తిప్పి చుట్టాయి, గోరుతో మూతి మడిచాయి. అచ్చం బీడీ. చిన్ను పకపకా నవ్వింది. పడిపోయిన నాటి నుంచి ఆ పిల్ల నవ్వగా నేను చూడలేదు.

"అమ్మమ్మ, ఇంకోటి! కట్ట కట్టు!"

ఇంకోటి చుట్టింది. ఇంకో నాలుగు. దారంతో కట్ట కట్టి చేతికిచ్చింది. చిన్ను దారం విప్పి ఒకటి కొరికింది, అటూ ఇటూ చూసింది, మింగింది. మళ్ళీ కొరికింది. నేను దుకాణం వదిలేసి రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నానని ఆటోవాడు తిట్టాక గాని తెలియలేదు.

అది మొదలు. ఆ రోజు రెండు తింది, వారం తిరిగేసరికి రోజుకు ఐదు. పొడిలోకి కరివేపాకు వచ్చింది, తర్వాత పప్పు, తర్వాత గోంగూర. మందు కడుపులో నిలబడింది. మధ్యలో రెండుసార్లు రోడ్డు మీద పడి చిప్స్ కోసం దొర్లింది, అదీ దాచను. కానీ నా గుమ్మం దగ్గర నిలబడడం తగ్గింది.

నెలన్నర దాటాక కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ కార్డు, ముసలితనానికి అదొక్కటే ఆసరా. అంజవ్వ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆ రోజు నుంచి నిరోష పొద్దున్నే పిండి కలిపి తట్టి ఇస్తే, రొట్టె కాల్చడం వరకే ఆమె. పట్టుకారుతో తీసి పళ్ళెంలో వేస్తుంది, ముట్టుకోదు. చుట్టుకోవడం చిన్ను వంతు. ఆ పిల్ల మొదటిసారే మూతి ఎంత చక్కగా మడిచిందో! గల్లీ ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. అంజవ్వ మాత్రం పిల్ల వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

"గీ పని నా తోనే పోవాలె. గిది రొట్టె వరకే, ఇన్నవా?" అంది. చిన్నుకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మొన్న మంగళవారం నిరోషకు షోరూం సెలవు. పొద్దున రక్తం చూపించి మధ్యాహ్నానికి కాగితం తెచ్చింది. నేను బెల్లం ఇవ్వడానికని వెళ్ళాను. బెల్లం ఎవరూ అడగలేదు, ఊరికే ఓ సాకు. రక్తం తొమ్మిదిన్నర ఉంది. రక్తం ఎక్కించే పని లేదన్నదట డాక్టరమ్మ. అంజవ్వ ఒళ్ళో చాట అలాగే ఉంది, ఆ కాగితాన్ని చూస్తూ కూర్చుంది. చదవడం రాదు, అయినా చూసింది.

నిరోష చెప్పులు కూడా విడవకుండా తల్లి పక్కన కూలబడింది. పళ్ళెంలో రొట్టె ఉంది.

"అవ్వా, నాకోటి చుట్టియ్యి."

"చిన్ను చుట్టిస్తది. నా శెయ్యి మల్ల చేదైంది బిడ్డా."

"చిన్ను వద్దు. నువ్వు పెట్టు." నిరోష పళ్ళెం తల్లి ముందుకు జరిపింది. "నాకు యాదికున్నకాంచి ఒక్క ముద్ద పెట్టలే నువ్వు. పక్కింటోళ్ళు పిల్లలకు పెడుతుంటె చూస్తుంటి. పుడ చింపుకోని తింటుంటి. చేదున్నా మంచిదే, పెడితే బాగుండు అనుకుంటుంటి. అడుగుదామంటె భయమైతుండె, నువ్వు ఏడుస్తవని."

అంజవ్వ ఒళ్ళోని చాట కింద పెట్టింది. లేచి కుళాయి దగ్గర చాలాసేపు చేతులు తోముకుంది. వచ్చి రొట్టె చింపింది, పొడి పోసింది, చుట్టింది. మూతి మడవడం ఒకసారి తప్పింది, ఆ చేతులకు తప్పడం నేను ఎప్పుడూ చూడలేదు. కూతురి నోట్లో పెట్టింది. ఇరవై ఐదేళ్ళ నిరోష చంటిపిల్లలా కళ్ళు మూసుకుని నమిలింది.

"చేదున్నదా?"

"ఉన్నది," అంది నిరోష. "ఇంకోటి పెట్టు."

అంజవ్వ చాట పక్కకు నెట్టి రెండోది చుట్టడం మొదలుపెట్టింది. ఈసారి చేతులు కడుక్కోలేదు.