పచ్చరాయి, జరీనా మేడం

పురుగుమందు ఘాటు ముక్కుకు తగిలితే నాకు మా మిరపచేను గుర్తురాదు, జరీనా మేడం గుర్తొస్తారు. గుంటూరులో నేను డిగ్రీ చదివిన రోజుల్లో ఆవిడ మాకు భూగర్భశాస్త్రం చెప్పేవారు. అప్పట్లో అందరికీ కంప్యూటర్ల పిచ్చి. మా విభాగాన్ని మూసేసి ఆ గదిలో కంప్యూటర్లు పెట్టాలని ప్రిన్సిపాల్‌గారి పట్టుదల. అందుకు ఆయనకు దొరికిన సాకు ఒక పచ్చరాయి.

దాని పేరు టోర్బెర్నైట్. యురేనియం ఉన్న రాతిలోకి నీళ్లు దిగి, రాగీ ఫాస్ఫేటూ తోడైతే పుట్టే అరుదైన ఖనిజం. అభ్రకంలా పొరలు పొరలుగా, చిన్న చిన్న ఆకుపచ్చ నలుచదరపు బిళ్లలుగా ఉంటుంది. ఎంత మెత్తనంటే గట్టిగా గీస్తే గోటికే లొంగుతుంది. గాలికి ఆరితే లోపలి నీరు పోయి పొడిగా రాలుతుంది. అందుకే మేడం దాన్ని మూతపెట్టిన గాజుపెట్టెలో ఉంచి, ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ రాయి దగ్గర కూర్చుంటే ఆడపిల్లలకు పిల్లలు పుట్టరనే పుకారు ఎవరు లేపారో గానీ, ఊరూరా పాకింది. ప్రమాదం అంటూ ప్రిన్సిపాల్‌గారు దాన్నే పట్టుకున్నారు.

మా నాన్న చేలోంచి తిన్నగా కాలేజీకి వచ్చేశాడు.

"మేడంగారండీ, మా పిల్లని పంపించెయ్యండి. రేపు పెళ్లి కావాల్సిన పిల్లండీ."

ఆవిడ పక్క విభాగం నుంచి రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ తెప్పించారు. పెట్టె దగ్గర అది చిటపటలాడింది. పిల్లలు కూర్చునే బల్ల దగ్గరికి తెస్తే దాదాపు సద్దుమణిగింది.

"భయపడండి, తప్పులేదు. ఎంత దూరంలో భయపడాలో తెలుసుకుని భయపడండి," అన్నారు. అంతలో ఆవిడకి వాసన తగిలింది. "మందు కొట్టి వచ్చారా? దేంతో కలిపారు?"

"చేత్తోనేనండీ. కర్ర కనపళ్లేదు."

"నేను రాయిని పెట్టెలో పెట్టి మూత వేశాను. మీరు విషంలో మోచేతి దాకా ముంచారు. పిల్లని ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి తీసుకెళ్తారండీ?"

నాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడే సబ్బు తెచ్చిచ్చి కుళాయి చూపించారు. కడుక్కుని వచ్చి, నా వైపు చూడకుండా, "సాయంత్రం బస్సుకి వచ్చెయ్ అమ్మా," అని ఒక్కడే వెళ్లిపోయాడు. నన్ను మాన్పించే మాట ఇక ఎత్తలేదు.

విభాగాన్ని మాత్రం మూసేయాలనే తేల్చారు. "చేరిన పిల్లలు ఆఖరి పరీక్ష రాసేదాకా ఈ గది తాళం ఇవ్వను, ఏం చేసుకుంటారో చేసుకోండి," అని మేడం ప్రిన్సిపాల్ ముందే అన్నారు. ఇవ్వలేదు కూడా. మేమంతా పరీక్ష రాశాకే ఆ గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి.

ఇప్పుడు గనుల దగ్గరే నా ఉద్యోగం. ఆడదానివి, ప్రమాదం, దిగొద్దు అనేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. ప్రమాదమేమిటో చెప్పకుండా భయపెట్టి ఇంటికి పంపేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట మేడం పెట్టిందే. చల్లారనివ్వను.