పచ్చదారంతో కట్టిన వైండింగ్

2022 ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండుకు కూతవేటు దూరంలో నా ఫ్యాన్ల రిపేరు షాపు. షాపు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. నేను లోపలికి పోవాలంటే లోపలున్న గాలి బయటికి రావాలి. ఆ ఏడు మే నెల ఎండలకు తారు రోడ్డు మీద ఒక్క నిమిషం నిలబడితే చెప్పులు అక్కడే కాపురం పెట్టేవి. అనంతసాగరం, చేజర్ల, కలిగిరి నుంచి వచ్చే ఆటోల్లోంచి మనుషులకంటే ఫ్యాన్లే ఎక్కువ దిగేవి. బల్ల మీద ఫ్యాన్లు, బల్ల కింద ఫ్యాన్లు. మధ్యాహ్నం మా ఇంటావిడ అన్నం క్యారియరు తెస్తే దాన్ని కూడా విప్పి ఏం పాడైందో చూడబోయాను.

ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. చప్పుడు వినగానే రోగం చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు పెట్టిందీ నేనే, ఊరంతా చాటిందీ నేనే.

అట్లాంటి ఒక మంగళవారం పొద్దున ఎస్తేరమ్మ వచ్చింది. ఉదయగిరిలో హాస్టలు వంటమనిషి. అరవై దాటి ఉంటాయి. పాత చీరలతో కుట్టిన బొంతలో చంటిబిడ్డను చుట్టినట్టు చుట్టుకుని తెచ్చింది ఒక టేబుల్ ఫ్యాను. పోత ఇనుము ఒళ్లు, ఇత్తడి రెక్కలు. దొరల బంగళాలో సామాను వేలం వేసినప్పుడు ఆమె మామ కొన్నాడట. బరువు చెబితే మీరు నమ్మరు. బల్ల మీద పెట్టగానే బల్ల ఒకసారి మూలిగింది. దీనికి లగేజీ కొట్టాలా, మనిషి టికెట్టే కొట్టాలా అని కండక్టరు ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆలోచిస్తూనే వచ్చాడట.

"ఏంది పెద్దమ్మా దీని బాధ?" అన్నాను.

"గురకబెడతా ఉండాది అబ్బయ్యా. అరగంట తిరిగితే ఒళ్లు కాలిపోతా ఉండాది. చెయ్యి పెట్టలేం."

ప్లగ్గు పెట్టాను. గురక అనడం ఆమె మంచితనం. ఉదయగిరి కొండ మీద ముసలి పులి ఏదన్నా మిగిలి ఉంటే ఆ కేకకు జవాబు చెప్పేది. పది నిమిషాలకే వెనక డబ్బా మీద దోసె పోయొచ్చు అన్నంత వేడి. వార్నిష్ మాడిన వాసన కూడా వచ్చింది.

"వైండింగ్ పోయింది పెద్దమ్మా," అన్నాను, డాక్టరు కళ్లద్దాలు తీసినంత గంభీరంగా.

మోటారులో కదలకుండా ఉండే ఇనుప చట్రాన్ని స్టేటర్ అంటాం. దాని గాడుల్లో సన్నటి రాగితీగను వందల చుట్లు చుట్టి బిగిస్తాం. ఆ చుట్టే వైండింగ్. అది మాడితే మోటారు వేడెక్కుతుంది, మూలుగుతుంది. అప్పుడు పాతది కోసి పారేసి కొత్తది చుట్టాలి.

ఆమె ఫ్యాను మీద చెయ్యి వేసింది. "అది పోయుండదు అబ్బయ్యా. లోపల చుట్టింది బాగనే ఉంటాది. దాని జోలికి పోబాక. పైపైన చూసి ఇయ్యి."

ఇక్కడే నా తెలివి బుసలు కొట్టింది. ఖర్చు తగ్గుతుందని, షాపుకొచ్చే ప్రతి గిరాకీ చెప్పే మాటే ఇది. లోపల బాగానే ఉంది, పైపైన చూడు. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, కలిగిరి సంతలో గొర్రెలను లెక్కపెట్టడం తేలిక. కాబట్టి నా చెవి దాన్ని వినలేదు. "సరే పెద్దమ్మా, శుక్రవారం రా" అన్నాను. నా 'సరే'కు అర్థం నాకు తోచిందే చేస్తానని పాతవాళ్లందరికీ తెలుసు. ఆమె కొత్త.

బొంతను మడిచి ఫ్యాను పక్కనే పెట్టిపోయింది. పచ్చటి లావుపాటి దారంతో కుట్టిన బొంత. కళ్లు ఉన్నాయి కాబట్టి చూశాను.

బుధవారం ఫ్యాను విప్పాను. స్టేటర్ బయటికి తీస్తే వైండింగ్ కొంచెం నల్లబడి ఉంది, అంతే. కానీ చుట్టు చూస్తే ముచ్చటేసింది. తీగ మీద తీగ ఎక్కకుండా, చేజర్ల మళ్లలో నాటు వేసినట్టు వరసలు. చివర్లు విడిపోకుండా తెల్లటి నూలుతాడుతో కడతాం మేమంతా. ఇక్కడ పచ్చదారం కట్టి ఉంది.

"ఎవుర్రా ఈ మహానుభావుడు, మోటారుకు బొంత కుట్టినాడు!" అని పక్క టీకొట్టు రమణయ్యను పిలిచి మరీ చూపించాను. ఇద్దరం కడుపులు పట్టుకుని నవ్వాం.

తర్వాత ఉలి పెట్టి కోశాను.

కొయ్యకముందు చేయాల్సిన పని ఒకటుంది. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటిరోజే చెబుతాను. ప్లగ్గు తీసి, వేలితో ఇరుసును తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగితే రోగం కరెంటు వైపు. బిగుసుకుంటే రోగం బుష్‌లో. బుష్ అంటే ఇరుసు కొసలను పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం. అర నిమిషం పని. ఆ రోజు నలభై ఫ్యాన్లు వరసలో ఉన్నాయి. నిజానికి పదిహేను ఉంటాయేమో. ఎన్నుంటేనేం, తిప్పి చూడలేదు.

గురువారం సాయంత్రానికి కొత్త వైండింగ్ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి, ఫ్యాను బిగించాను. స్విచ్ వేశాను. అదే గురక. పావుగంటకు అదే వేడి.

అప్పుడు తిప్పాను ఇరుసును వేలితో. పాకంలో గరిటె తిప్పినట్టుంది. బుష్ ఊడదీశాను. లోపల నూనె బంకలాగా, గోధుమరంగులో, పెచ్చుకట్టి ఉంది. బుష్ చుట్టూ నూనె పీల్చుకోవడానికి ఫెల్ట్ అని ఉన్ని ముక్క ఒకటుంటుంది. అది చెక్క అయిపోయింది. వాసన చూశాను. కొబ్బరినూనె. తలకు రాసుకునేది. ఏళ్ల తరబడి ఎవరో శ్రద్ధగా పోశారు. మోటారు వేడికి అది జిగురై ఇరుసును పట్టేసింది. ఇరుసు తిరగలేక మూలిగింది, ఈడవలేక వేడెక్కింది. వైండింగ్‌కు జ్వరమూ లేదు, జలుబూ లేదు.

అంటే నేను నిక్షేపంలాంటి వైండింగ్‌ను కోశాను. సరేలే, ఆమెకు పాతది పోయి కొత్తది వచ్చింది, నష్టమేముంది అని సర్దుకున్నాను. బుష్ కిరసనాయిలుతో కడిగి, కొత్త ఫెల్ట్ పెట్టి, మిషను నూనె రెండు చుక్కలు వేశాను. ఫ్యాను పిల్లి నడిచినట్టు తిరిగింది.

శుక్రవారం ఎస్తేరమ్మ వచ్చింది. స్విచ్ వేసి చూపించాను. చప్పుడు లేదు, వేడి లేదు. ఆమె మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. నేను ఊరుకుంటానా?

"కొత్త వైండింగ్ పెద్దమ్మా! నీ మనవళ్ల మనవళ్లు కూడా దీని గాలికే పండుకుంటారు."

నవ్వు ఆగిపోయింది. "చుట్టిందాని జోలికి పోబాకని చెప్పినా గదా అబ్బయ్యా."

"పోవాల్సొచ్చింది."

"పాతదేదీ?"

ఆమె రాగి అడుగుతోందనుకున్నాను. "కోసిన రాగి మెకానిక్కుది పెద్దమ్మా. ఎక్కడైనా అదే ఆనవాయితీ."

"రాగి నాకెందుకయ్యా," అంది. బెంచీ మీద కూలబడింది. "అది నా కొడుకు దానియేలు చుట్టినాడు. ఐటీఐ చదివేటప్పుడు. ఎనిమిది రోజులు కూకోని చుట్టినాడు. కట్టేదానికి తాడు లేకపోతే నా బొంత దారం తీసుకున్నాడు. వాడు మొదట చుట్టిందీ అదే, కడాకు చుట్టిందీ అదే. నెల తిరక్కుండా కలిగిరి రోడ్లో బండి మీంచి పడి చనిపోయినాడు. నాలుగేళ్లాయ."

నేను ఫ్యాను స్విచ్ ఆపేశాను.

"వాడి గుడ్డలు పంచి పెట్టేసినా. ఫోన్లో ఫోటోలుంటే ఆ ఫోనూ పాయె. వాడి చేత్తో చేసింది మా ఇంట్లో అదొక్కటే ఉండేది అబ్బయ్యా. ఆ గాలి వాడే ఇసరతా ఉండాడనుకోని పండుకునేదాన్ని."

"కూర్చో పెద్దమ్మా, ఇప్పుడే వస్తా" అని స్కూటరు తీశాను. ఆ పొద్దునే రాగి గోతాం పాత సామాన్ల మస్తాను కొట్టుకు పంపేశాను. తీగ మీది పూత పోవడానికి రాగిని మంటలో వేసి కాలుస్తారు వాళ్లు. నా స్కూటరు ఆ రోజు విమానంలా పోయిందని రాయాలని ఉంది. అది ఎప్పటిలాగే మూడుసార్లు ఆగిపోయి పోయింది.

నేను పోయేసరికి కొట్టు వెనక మంట లేచి ఉంది.

"మస్తానూ, నా గోతాం!"

"ఏందిరా, ఇల్లు కాలినట్టు వస్తా ఉండావు? సగం వేసినా. తూకంలో నిన్నేం ముంచలేదులేరా."

మిగిలిన సగం నేల మీద కుమ్మరించి చేతులతో వెతికాను. మస్తాను మాట ఆపి నన్ను చూసి, ఏం పోయిందో అడక్కుండానే తనూ కూర్చుని వెతకసాగాడు. ఆ వైండింగ్‌లో నాలుగు కాయిల్స్ ఉండాలి, అంటే నాలుగు తీగ చుట్టలు. ఒకటి దొరికింది. పచ్చదారం ముడి దాని మీదే ఉంది. మిగిలిన మూడింటి కోసం మంటలోకి చూశాను. అక్కడ అన్ని తీగలూ ఒకే రంగులో ఉన్నాయి.

షాపుకొచ్చి ఆ ఒక్కటీ ఆమె చేతిలో పెట్టాను. అరచేతిలో పట్టేంత. ఉలి దెబ్బకు ఒకవైపు తెగి ఉంది. ఆమె బొటనవేలితో ఆ ముడిని తడుముతూ అడిగింది.

"వాడు చుట్టింది కాలిపోయిందా అబ్బయ్యా? సరిగ్గా చుట్టలేదా?"

తల ఊపితే నేను బయటపడేవాణ్ణి. అవుననే మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆ వేలు ముడి మీద ఆడుతూ ఉంటే రాలేదు.

"లేదు పెద్దమ్మా. బంగారం లాగా చుట్టినాడు. నాకంటే బాగా చుట్టినాడు. అది బాగనే ఉండాది. తొందరపడి నేనే కోసేసినాను. తప్పు నాది."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మరి అంత వేడెందుకెక్కింది? వాడు చెప్పినట్టే శనివారం శనివారం నూనె పోస్తా ఉంటినే. వాడు తెచ్చిన డబ్బా అయిపోయినాక కూడా మానలేదు. ఇంట్లో కొబ్బరినూనె పోసినా. దాని వల్లా?"

గోరంతను కొండంత చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. కొండంతను గోరంత చేసి చెప్పింది మాత్రం ఆ ఒక్కసారే.

"నూనెకేం పెద్దమ్మా. బుష్ ముసలిదయింది, అంతే. ఇక దానికి ఈ నూనె పడుతుంది" అని మిషను నూనె సీసా ఇచ్చాను. ఆమె సీసా వంకా, నా వంకా చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. కొంగుతో సీసా తుడిచి సంచిలో పెట్టుకుంది.

తర్వాత బొంత ఒళ్లోకి తీసుకుని, అంచు దగ్గర కుట్టు పంటితో తెంపి, మూరెడు పచ్చదారం లాగింది. "నువ్వు చుట్టినదానికి దీంతో కట్టు," అంది.

ఫ్యాను మళ్లీ విప్పాను. నా తెల్లతాడు తీసేసి, ఆ దారంతో కట్టాను. ఇరవై ఆరేళ్ల చేతులు ఒక్క ముడికి మూడుసార్లు తప్పాయి. బిగించి స్విచ్ వేస్తే చల్లటి గాలి ఆమె మొహం మీదికి పోయింది. కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది.

"బాగా తిరగతా ఉండాది. దీనికి నిన్ను అనేదేం లేదు అబ్బయ్యా. వాడిది కాదు, అంతే గదా."

డబ్బు ఇవ్వబోతే చేతులు జోడించాను. ఫ్యాను బొంతలో చుట్టి బస్సు దాకా నేనే మోశాను. దాని బరువు గురించి మొదట్లో ఏవేవో రాశాను గానీ, ఆ నడకలో దాన్ని తూచే మాట నా దగ్గర లేదు.

ఆమె మళ్లీ రాలేదు. ఫ్యాను బాగానే తిరుగుతోందనుకుంటాను. పాడైతే నా దగ్గరికే తెస్తుందని మాత్రం పందెం కాయలేను.

ఇప్పుడు ఎన్ని ఫ్యాన్లు వరసలో ఉన్నా, ప్లగ్గు తీసి వేలితో ఇరుసు తిప్పకుండా ఉలి పట్టను. అది పని నేర్పిన పాఠం, ముందే తెలిసి కూడా నేను తప్పింది. రెండోది ఎస్తేరమ్మ నేర్పింది. గిరాకీ ఎవరన్నా "లోపల బాగానే ఉంటాది, జోలికి పోబాక" అంటే, పని ఆపి అడుగుతాను. "ఎవరు చుట్టినారు?" నూటికి తొంభైతొమ్మిది మంది "ఏమో, ఎవరికి తెలుసు" అంటారు. నవ్వుకుంటూ పని చేసుకుంటాను. ఆ నూరో మనిషి కోసం అందరినీ అడుగుతున్నాను.