ఏడు దగ్గర ఆగే డెస్మండ్

“ఎనిమిదయ్యా, ఎనిమిది! బళ్లో పసిపిల్లలు లెక్కపెడుతున్నారు, నీకేమొచ్చింది?”

“వాళ్లకి వేరే పని లేదు బ్రాక్లీ గారూ. పాట ఏడు దెబ్బలకే తిరుగుతుంది.”

“జనం ఈ రికార్డు పెట్టుకుని డాన్స్ చెయ్యాలా, కుంటాలా?”

“కూర్చుని వింటారు. టీ తాగుతూ.”

ఆ చలికాలమంతా కాంటర్‌బరీలోని మా స్టూడియోలో ఇదే గొడవ. ఆర్గన్ వాయించే డెస్మండ్ పెల్‌కి ఒకటే జబ్బు: ఏదైనా సరే, ఏడు దగ్గర ఆగిపోతాడు. టీ ఏడుసార్లు కలుపుతాడు. ఏడు మెట్లు దిగి ఎనిమిదోది దూకేస్తాడు. ఎనిమిదో బిస్కెట్ పిల్లికి పోతుంది. పిల్లి బలిసింది. ఇక రికార్డులో ఒక వైపంతా ఒకటే పాట, ఇరవై ఒక్క నిమిషాలు, అదీ ఏడు లెక్కలో. కాలేజీలో లెక్కలు భరించలేక మానేసి బాస్ గిటార్ పట్టుకున్నవాణ్ణి నేను. ఇక్కడా లెక్కలే!

గురువారం సాయంత్రం నిర్మాత బ్రాక్లీ తేల్చేశాడు. రేపటికి పాట టేపుకెక్కకపోతే సోమవారం వేరే డ్రమ్మర్ వస్తాడు. అంటే, వాయించిన ప్రతిసారీ తాళం తప్పుతున్న మా విల్ఫ్ ఇంటికే.

నేను తిన్నగా డెస్మండ్ దగ్గరికి వెళ్లాను. “నీ పిచ్చికి విల్ఫ్ బలైపోతున్నాడు. మామూలుగా ఎనిమిదికి రాసి చావు!”

“కూర్చో. తొడ మీద కొట్టు. కుడి, ఎడమ, కుడి, ఎడమ... ఎనిమిదో దెబ్బ ఏ చేతిది?”

“ఎడమ.”

“ఎన్నోసారి?”

“నాలుగోసారి.”

అప్పుడు వెలిగింది. మంచు మీద సైకిల్ జారి మణికట్టు విరిగినప్పటినుంచీ, విల్ఫ్ ఎడమ చేతిలోని కర్ర సరిగ్గా నాలుగో దెబ్బకే ఎగిరిపోతోంది. ఒకసారి బ్రాక్లీ టీలో కూడా పడింది. ఏడుకి ఆపి మళ్లీ కుడితోనే మొదలుపెడితే ఆ చేతికి కాస్త ఊపిరాడుతుంది.

“మరి ఆ మెట్లు దూకడం?”

“జబ్బు నిజమనిపించాలి కదరా. మోకాలు పోయింది.”

అతను మోకాలు రుద్దుకుంటూ గొంతు తగ్గించాడు.

“విల్ఫ్‌కి ఈ సంగతి తెలియకూడదు. ముందు తనే తప్పుతానేమోనని బిగుసుకుపోతున్నాడు. ఇంకెవరైనా తప్పితే వాడి చెయ్యి వదులవుతుంది. రేపు టేపు తిరగ్గానే మొదటి తప్పు నువ్వు వాయించు. గట్టిగా వాయించు. నువ్వైతే ఎవరికీ అనుమానం రాదు.”