మా మామ తొక్కిన గాలి

"మీ మామ లేపితే పలకలేదు పాపా" అని పోయిన వారం తెల్లారేసరికి పుంగనూరు నుంచి మా అత్త ఫోన్ చేసింది. మదనపల్లెలో టమాటా లారీల హారన్ల మధ్య నిలబడి ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను. నిద్రలోనే పోయాడు. కష్టపడకుండా పోయాడు, అదృష్టవంతుడు అంటున్నారు అందరూ. కావచ్చు. నాకు మాత్రం ఏడుపు ఆగడం లేదు.

మా పక్క నాటకాలు చూసేవాళ్లకు మా మామ తెలిసే ఉంటాడు. స్టేజీ పక్కన, భుజాన తువ్వాలుతో, కాళ్ల హార్మోనియం ముందు కూర్చునే మేష్టరు. కింద రెండు కాళ్లతో గాలి తొక్కుతూ పైన రెండు చేతులతో వాయించే పెద్ద పెట్టె అది. యాభై ఏళ్లు పైగా అదే ఆయన బతుకు.

ఆయనకు లోకమంతా శ్రుతుల్లోనే వినపడేది. శ్రుతిని హార్మోనియం మెట్ల లెక్కన కట్టల్లో చెప్పేవాడు, అంకె పెరిగితే శ్రుతి హెచ్చినట్టు. పలమనేరు బస్సు హారన్ మూడు కట్ట, మా మిక్సీ ఐదున్నర. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజు నాతో నాలుగు మాటలు మాట్లాడించి, మా ఆయనకేసి తిరిగి, "పాప గొంతు నాలుగు కట్ట. కోపమొస్తే ఆరుకు పోతాది, సూసుకోప్పా" అన్నాడు. నెల తిరక్కుండానే అది నిజమని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. నాకు ఓపిక తక్కువ, ఒప్పుకుంటాను.

నాది మదనపల్లెలో పెళ్లి వీడియోలకు కంప్యూటర్‌లో సంగీతం కూర్చే పని. దాన్ని ఆయన 'కరెంటు వాయిద్యం' అని ఎగతాళి చేసేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. పండగ పూట మా ఇద్దరి వాదన వినలేక అత్త పొయ్యి దగ్గరికి పారిపోయేది.

కొన్నేళ్ల కింద షుగర్ ముదిరి ఆయన ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ఇక పెద్ద పెట్టె తొక్కడం కుదరలేదు. చేతి హార్మోనియం తెచ్చిస్తే, ఒక చెయ్యి గాలికే సరిపోయింది, నాటకానికి రెండు చేతులూ కావాలి. ఎవరినైనా కూర్చోబెట్టి గాలి కొట్టిద్దామంటే ఒంటికాలి మీద లేచాడు. నిజంగానే, ఉన్న ఆ ఒక్క కాలి మీదే లేచాడు. "పరాయోడి ఊపిరితో నేను పాడాల్నా?" అన్నాడు.

ఆ రోజుల్లోనే, నేను పుంగనూరు వచ్చి ఉన్నప్పుడు, వెంకటగిరికోట నుంచి ఆయన పాత స్నేహితుడొకాయన వచ్చాడు. నాటకాల్లో రాజు వేషాలు కట్టే మనిషి, మామ ఈడువాడే. కుప్పంలో ఒప్పుకున్న నాటకం గురించి చెప్పి తల వంచుకున్నాడు.

"నువ్వు లేకుంటే రికార్డు చేసిన ట్రాక్ పెట్టి ఆడదామంటాండారు మేష్టరా. ట్రాక్ నాకోసం ఆగతాదా? దాని ఎనకాల నేను పరిగెత్తాల. నాకు మునుపటి ఊపిరి యాడుండాది? ఈసారి వేషం వదిలేస్తాండాను."

మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు అత్త మిక్సీ వేస్తే శ్రుతి చెప్పలేదు. బస్సు హారన్ కొట్టినా పలకలేదు. అది చూసి నాకు భయమేసింది. కాలు పోయినప్పుడు కూడా అంత భయపడలేదు.

ఆ ఆదివారమే నా మిడీ కీబోర్డు, ల్యాప్‌టాప్, స్పీకరు, ఒక కాలి పెడలు సంచిలో వేసుకుని పుంగనూరు బస్సెక్కాను.

మంచం పక్కన బల్ల వేసి అన్నీ పరిచాను. అత్త వచ్చి ఒక మెట్టు నొక్కింది. చప్పుడు లేదు. "ఇదేంది పాపా, మూగది తెచ్చినావు?" అంది. మిడీ కీబోర్డుకు సొంత గొంతు ఉండదు, ఏ మెట్టు నొక్కామో కంప్యూటర్‌కు చెబుతుందంతే, పలికేది లోపల ఉన్న సింథసైజర్ ప్రోగ్రామని చెప్పాను. వైరు కలిపి, ప్రోగ్రామ్‌లో కీబోర్డును ఎంచుకుని, హార్మోనియం గొంతు పెట్టాను. మామ అయిష్టంగానే లేచి కూర్చుని ఒక స్వరం నొక్కాడు. వెంటనే ముఖం చిట్లించాడు.

"నొక్కేది ఈడ, పలికేది పలమనేరులోనా?"

కనురెప్పపాటు ఆలస్యం, దాన్నీ పట్టేశాడు! సౌండు సెట్టింగుల్లో ఆ ఆలస్యానికి కారణమైన బఫర్ తగ్గించాను. నొక్కగానే పలికింది. తర్వాత ఇంకో గొడవ. ఈ కీబోర్డు మీద గట్టిగా నొక్కితే పెద్దగా, మెల్లగా నొక్కితే చిన్నగా పలుకుతుంది. హార్మోనియంలో బలమంతా గాలిదే, వేళ్లది కాదు. అందుకని మెట్లన్నీ ఒకే బలంతో పలికేట్టు పెట్టి, హెచ్చుతగ్గుల పని పెడలుకు అప్పగించాను. కుడికాలు దానిమీద పెట్టి, ఎంత కావాలంటే అంత నొక్కి ఉంచితే చాలు.

చాలదని అప్పుడే తెలిసింది. వాయించడం మొదలుపెట్టగానే ఆయన కాలు గాలి తొక్కడం మొదలుపెట్టింది! పైకీ కిందకీ, పైకీ కిందకీ. పాట కాస్తా దూడ అరుపయింది.

"తొక్కద్దండి మామా, ఊరికే పెట్టండి."

"నేను తొక్కలేదే!"

"మరి ఎవరు తొక్కుతున్నారు, నేనా?"

నా గొంతు ఆరు కట్టకు ఎక్కింది. ఆయనకూ ఎక్కింది. చివరికి తువ్వాలు విసిరికొట్టి, "నీ గాల్లేని పెట్టె నువ్వే ఉంచుకోమ్మా, నాకొద్దు" అన్నాడు. నేను వైర్లు పీకేస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మొక్కై వంగనిది మానై వంగతాదా పాపా? ఆయప్ప కాలు ఇప్పుడు నేర్చుకుంటాదా? నీ మిషనుకు చెప్పరాదా?"

మాట గట్టిగా తగిలింది. మళ్లీ కూర్చున్నాను. పెడలు పూర్తిగా పైకి లేచినా శబ్దం చచ్చిపోకుండా కింద ఒక హద్దు పెట్టాను. తొక్కితే మెల్లగా నిండేట్టు, ఆపితే మెల్లగా తగ్గేట్టు దిద్దాను. హార్మోనియం తిత్తిలో గాలి అలాగే కదా ఉండేది. "ఇప్పుడు మీ ఇష్టం వచ్చినట్లు తొక్కండి" అన్నాను, ఇంకా కోపంగానే.

తొక్కాడు. దూడ అరవలేదు. రాగం అలలాగా లేస్తూ దిగుతూ వచ్చింది. నేను ఇన్నేళ్లు కంప్యూటర్‌లో చేసిన ఏ హార్మోనియమూ అలా పలకలేదు. మామ కళ్లు మూసుకుని చాలాసేపు వాయించి, ఆగి, "ఊపిరి పడింది దీనికి" అన్నాడు. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. వెంటనే వెంకటగిరికోటకు ఫోన్ కలపమన్నాడు. "వేషం కట్టుకోప్పా, నేనుండాను" అన్నాడు, అంతే.

ఆ తర్వాత పోయేదాకా వాయిస్తూనే ఉన్నాడు. "పాడేవాడు ముందు, పెట్టె ఎనక" అని నాకు వందసార్లు చెప్పాడు. ఇప్పుడు నా పనిలో కూడా పాడేవాళ్లను తాళం వెంట పరిగెత్తించను. వాళ్ల ఊపిరి చూసి సంగీతం కూరుస్తాను. మామ దగ్గర నేర్చుకున్న చదువు అది. వచ్చే నాటకానికి ఆయన చోట నన్నే కూర్చోమని అడిగారు. పోతాను.

కుప్పంలో ఆ మొదటి నాటకం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తూర్పు తెల్లబడే వేళకు రాజు చివరి పద్యం ఎత్తుకున్నాడు. రాగం పైకి పోతూ పోతూ సగంలో తెగింది. ఆయన నోరు తెరిచే ఉంది, గొంతు రాలేదు. తెగిన చోటే మామ అందుకున్నాడు. అతుకు తెలియకుండా రాగాన్ని దించి ముగించేసరికి, జనం అది రాజు గొప్పేననుకుని ఈలలు వేశారు, "వన్స్ మోర్" అని అరిచారు. రాజు కిరీటం సర్దుకునే నెపంతో పక్కకు తిరిగి రొప్పుతున్నాడు. మామ తొందరపెట్టలేదు. ఆయన రొమ్మువైపే చూస్తూ, ఉన్న ఒక్క కాలితో గాలి తొక్కుతూ, స్నేహితుడికి ఊపిరి అందేదాకా శ్రుతిని పట్టుకునే ఉన్నాడు.