సర్వపిండికి చిల్లులెందుకు

రాయొద్దనే అనుకున్నాను. పోయిన నెల మా ఊరు గార్ల నుంచి కబురొచ్చింది, మా పక్కింటి వదిన పోయిందని. నా శ్రోతలను ఎత్తుకుపోయిన మనిషి గురించి నేనెందుకు రాయాలి? అయినా కాగితం తీశాను.

ఎనభైల్లో మా వాడకట్టుకు మొదటి టీవీ వాళ్లింటికే వచ్చింది. అంతవరకు సాయంత్రమైతే జనమంతా నా అరుగు మీదే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నేను తిన్న లాఠీదెబ్బ కథ నడిచేది. (ఆ దెబ్బ సంగతి వేరే చెప్పాలి. ఒక్కోసారి ఒక్కో భుజానికి తగిలేది.)

టీవీలో వంటల కార్యక్రమం మొదలయ్యాక అరుగు ఖాళీ. బొమ్మ కోసం పోతున్నారులే అనుకున్నాను. ఒకరోజు వెళ్లి చూస్తే, వదిన టీవీ గొంతు తగ్గించి తానే చెబుతోంది! తెరమీద పట్టుచీర ఆవిడ సర్వపిండిని, అంటే మా బియ్యప్పిండి రొట్టెను, లోతైన గంజుగిన్నెలో కాకుండా పెనం మీద పరుస్తోంది.

"ఓ చెల్లె, గంజుల వత్తాలె గది! గంజు గోడలకు సెగ పాకితెనే అంచు కరకరలాడుతది. పెనం మీద ఏంది, దోశెనా?"

ఇల్లంతా నవ్వు. నాకు కడుపు మండింది. "మరి దానికి వేలితోని చిల్లులెందుకు పెడతరో నేను చెప్త" అని, ఒక రాజుగారి వేలు కథ ఎత్తుకున్నాను.

"జర ఆగు మర్దీ. ఆవిరి పోవాలె, నూనె కిందికి దిగాలె. గంతే. రాజు ఏలు పెడితే కాలుతది."

మర్నాడు ఆ జనాన్నే పిలిచి, నేనే పొయ్యి ముందు కూర్చున్నాను. మొదటిది బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఊపులో రెండోదాన్ని అదే వేడి గంజులో వత్తాను. వేళ్లు బొబ్బలెక్కాయి.

వదిన నా చేతిని నీళ్లలో పెట్టి జనం వైపు తిరిగింది. "సూసిండ్రా, గందుకే గంజును నీళ్లల్ల ముంచి, సల్లగైనంకనే రెండోది వత్తాలె. మా మర్ది మంచిగ చూపెట్టిండు." కాలింది నా వేళ్లు, చప్పట్లు ఆమెకు.

"వంట చెప్తె రాదు, మాడిస్తె వస్తది" అనేది. బొబ్బలు మానేదాకా రోజూ అన్నం తెచ్చి ఎదురుగా కూర్చునేది. "ఇయ్యాల ఏ భుజం మర్దీ?" అని అడిగి మరీ, లాఠీ కథ చివరిదాకా వినేది. అంత ఓపిగ్గా ఇంకెవరూ వినలేదు. ఆ ఓపిక చూసినా నాకు అసూయే.

దినాలనాడు వెళ్లాను. ఇల్లు నిండా జనం, టీవీ ఆపేసి ఉంది. ఇన్నేళ్లకు నాకు అడ్డులేదు కదా అని గొంతు సవరించుకున్నాను.

"లాఠీ ముచ్చట వద్దు చిన్నమామా," అంది వదిన కోడలు పొయ్యి దగ్గర నుంచే. "చిల్లుల ముచ్చట చెప్పు. అత్త చెప్పినట్టే."

చెప్పాను. ఆవిరి పోవాలె, నూనె దిగాలె, గంతే. ఎవరూ నవ్వలేదు.

కోడలు మొదటి సర్వపిండి తీసి అత్త ఫొటో ముందు పెట్టింది. తర్వాత గంజును నీళ్లలో ముంచింది.