అమ్మ వదిలేసిన బల్ల

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కిరాయికి కావాలంటే ఉద్యోగం ఏమిటో తర్వాత అడుగుతారు. ముందు అడిగేది "మీరేమోళ్లు?" అని. కిరస్తానం అని నేను నిజం చెప్పిన ఐదు ఇళ్ల దగ్గరా నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చామనే జవాబు వచ్చింది. వారం తర్వాత అటుగా వెళితే టులెట్ బోర్డు గేటుకు అట్లాగే వేలాడుతుండేది. ఆరో ఇంటి దగ్గర నాకు ఓపిక చచ్చిపోయింది. "హిందువులమే అమ్మా, నల్లగొండ దిక్కు" అన్నాను. ఆ మాటలో నల్లగొండ ఒక్కటే నిజం. ఓనరమ్మ నవ్వుతూ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

నేను ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. ఆదివారం పొద్దున ఎల్‌బీ నగర్‌లో మా చర్చి సంఘంలోని పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పిస్తాను. ఈ రెండో పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. వేరే దేవుణ్ణి పెట్టుకోకూడదు, అబద్ధ సాక్ష్యం చెప్పకూడదు, తల్లినీ తండ్రినీ గౌరవించాలి. పిల్లలు వేళ్లు మడిచి ఒక్కొక్కటే అప్పజెబుతుంటే తడబడిన చోట నేను అందించేవాణ్ణి. సంఘం మొత్తంలో ఈ పదింటినీ నా అంత బాగా చెప్పగలవాడు లేడని లోపల గర్వం కూడా ఉండేది. సిగ్గు లేనివాడికి గర్వం తొందరగా వస్తుందేమో.

ఆ ఇంట్లో చేరాక మా బతుకు నాటకాల కంపెనీ అయింది. బైబిలు వాక్యం రాసి ఉన్న క్యాలెండరు బీరువాలోకి పోయింది. నా భార్య గుమ్మం దాటేటప్పుడు స్టిక్కర్ బొట్టు పెట్టుకునేది, సంఘం సందు మొదట్లో ఆటో దిగుతూ తీసి పర్సుకు అంటించుకునేది. బైబిలు నా ల్యాప్‌టాప్ సంచిలో ఉండేది. "ఆదివారం గూడ క్లాసులేనా సారూ?" అని ఓనరమ్మ జాలిగా అడిగితే "అవునమ్మా" అనేవాణ్ణి. నిజంగానే క్లాసు చెప్పడానికే వెళుతున్నాను కదా అని మనసులో ఒక మెలిక వేసుకునేవాణ్ణి.

అప్పటికి అమ్మ మా దగ్గరే ఉంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. భర్త పోయిన ముసలామె నుదుట బొట్టు లేకపోతే ఎవరూ వింతగా చూడరు. మా నాన్న చావు కూడా నా అబద్ధానికి అట్లా అక్కరకొచ్చింది. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ ఆ రోజుల్లో నేను అట్లాగే ఆలోచించాను.

చిక్కల్లా అమ్మ గొంతుతోనే. ఊళ్లో ఆమె తెల్లారగట్ల ప్రార్థన మొదలుపెడితే పక్కింటి బర్రెలు కూడా లేచి నిలబడేవి. కొత్త ఇంట్లో రెండో రోజే నేను వెళ్లి, "జర మెల్లగ చేస్కోవే. గోడలు పల్చగున్నయి" అన్నాను.

"దేవునికి ఇనవడద్దనా, ఓనరుకు ఇనవడద్దనా?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. మళ్లీ ఇల్లు వెతకడం నావల్ల కాదన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. ఆమె నా ముఖం చూసి, "మనసులనే చేస్కుంట తియ్ బిడ్డా, పరేషాన్ గాకు" అంది. ఆ మరునాటి నుంచి దుప్పటి ముసుగులో పెదవులు మాత్రమే కదిలేవి. డెబ్బై ఏళ్ల మనిషి నోరు మూయించి నేను హాయిగా నిద్రపోయాను.

మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం నాడు, ప్రభువు బల్ల ఉంటుంది. పళ్లెంలో రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వరుసల వెంట వస్తాయి. మనసులో తప్పు పెట్టుకుని అందులో చెయ్యి పెట్టకూడదని మాకు చిన్నప్పటి నుంచి చెబుతారు. తప్పు చేసినవాళ్లు పళ్లెం రాగానే పక్కవాళ్లకు జరిపేస్తారు. వెనక వరుసలవాళ్లు అందరూ చూస్తారు, ఎవరూ అడగరు. నేను ఒక్క నెల కూడా జరపలేదు. ఇల్లు దొరకనివాడి అబద్ధాన్ని దేవుడు పట్టించుకోడని నాకు నేనే తీర్పు రాసుకున్నాను.

దసరా సెలవులు అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం అమ్మ పళ్లెం జరిపేసింది.

ఆటోలో అడిగితే కడుపులో బాగాలేదంది. మరుసటి నెల పళ్లు నొస్తున్నాయంది. "గోరంత ముక్కకు పండ్లెందుకే?" అన్నాను. మూడో నెల కూడా జరిపేసరికి నాకు కోపం వచ్చింది. పిల్లలకు ఆజ్ఞలు నేర్పేవాడి తల్లి బల్ల తీసుకోవడం లేదని సంఘంలో చూపులు మొదలయ్యాయి. "నా పరువు తీస్తున్నవ్. అందరూ ఏమనుకుంటరు?" అని నడిరోడ్డు మీద, మెట్రో స్తంభం పక్కన నిలబెట్టి అరిచాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "జర ఎండ తగుల్తుంది, పోదాం పా" అంది. నా పరువు గురించి అడిగాను గాని, నీకేమైందే అని మనసు పెట్టి ఒక్కసారీ అడగలేదు.

ఎండాకాలం మొదట్లో ఆమెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దవాఖానలో వారం రోజులున్నాక, ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పాడు. మాకు అట్లాంటప్పుడు పాస్టరు అయ్యగారు మంచం దగ్గరికే బల్ల తెస్తారు. ఆఖరి ప్రయాణానికి ముందు అది దక్కాలని ప్రతి విశ్వాసీ కోరుకుంటాడు. మా అయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం పూట వచ్చి, ప్రార్థన చేసి, రొట్టె ముక్కను అమ్మ నోటి దగ్గర పెట్టారు.

అమ్మ పెదవులు బిగించింది.

"ఏమ్మా, మనసులో ఏవన్నా ఉంటే చెప్పెయ్యండమ్మా. క్షమించనిదంటూ ఏవీ లేదు ఆయన దగ్గర" అన్నారు అయ్యగారు.

ఆమె నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి, "ఏం లేదయ్యగారు. నేను తగను" అంది.

"ఏం తప్పు చేసినవే నువ్వు? చీమకు గూడ హాని చెయ్యనిదానివి!" అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

"నువ్వు ఊకో బిడ్డా" అంది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. అయ్యగారు గ్లాసును గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ మరునాడు అమ్మ పోయింది. కిరాయి ఇంటికి శవాన్ని రానివ్వరు. దవాఖాన నుంచే నేరుగా ఊరికి తీసుకెళ్లి నాన్న పక్కన పెట్టి వచ్చాం. ఓనరమ్మకు మాత్రం "ఊర్లనే అన్ని కార్యాలు చేసినం" అని చెప్పాను.

పది రోజుల తర్వాత, పొద్దున నేను క్లాసుకు బయలుదేరుతుంటే ఓనరమ్మ ఆకు పొట్లంతో వచ్చింది. హయత్‌నగర్ దగ్గరి పాత కాపుదనపు ఇంటి మనిషి, మాట కటువు గాని మనసు మెత్తన. కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"మీ అమ్మ అసుంటి మనిషి దొరకదు సారూ. పోయిన బతుకమ్మ పండుగ ముంగట పై పోర్షనాయన మీరు కిరస్తానపోల్లని నాతోని లొల్లి పెట్టిండు. ఆయన్ని ఎంటవెట్టుకొనొచ్చి మీ అమ్మనే అడిగిన. గుట్ట నరసింహస్వామి మా ఇంటి దేవుడమ్మా అన్నది. నా చేతుల ప్రసాదం ఉంటే తీసుకొని కండ్లకద్దుకొని తిన్నది. ముసలామె అబద్ధమాడదని వాని నోరు మూయించిన."

దసరా తర్వాతి ఆదివారం, కడుపునొప్పి, పళ్లనొప్పి, దవాఖానలో నా మీద నిలబడిన ఆ చూపు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి నా ఇంటి కోసం తన దేవుణ్ణి కాదంది. అది అయ్యగారి ముందు ఒప్పుకుంటే నా అబద్ధం బయటపడుతుంది, నాకు పిల్లల ముందు నిలబడే అర్హత పోతుంది. అందుకే ఒప్పుకోలేదు. క్షమాపణ నోటిదాకా వస్తే, నన్ను కాపాడటానికి పెదవులు బిగించుకుని ఉత్త చేతులతో పోయింది. నేనేమో ఆమెను నడిరోడ్డు మీద తిట్టాను.

ఓనరమ్మ పొట్లం విప్పింది. పులిహోర. "నిన్న గుట్టకు పోయినం. మీ అమ్మ పేరు మీద అర్చన చేయించిన. మీ ఇంటి దేవుడే గద?"

నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఘడియ దొరకదు. అమ్మకు ఇక ఏ నష్టమూ లేదు. పోతే ఇల్లు పోతుంది, అంతే. కానీ నిజం చెబితే ఈమె దృష్టిలో అమ్మ అబద్ధాలకోరు అవుతుందని ఒక సాకు తట్టింది. అది సాకేనని తెలుసు. తెలిసే పట్టుకున్నాను.

"అవునమ్మా" అన్నాను. ఆమె చూస్తుండగా రెండు ముద్దలు తిన్నాను కూడా. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విని, లోపలికి వెళ్లిపోయింది.

మొదటి ఆదివారం వచ్చింది. పిల్లలకు పాఠం చెప్పి పెద్దల ఆరాధనలో మూడో వరుసలో కూర్చున్నాను. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. నా భార్య తీసుకోకుండా నాకు అందించింది. వెనక వరుసల నిండా ఆ పిల్లల తల్లిదండ్రులున్నారు. నేను రొట్టె ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను.