కట్టుతో పరుగెత్తిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆడపిల్ల చదువు ఏడో తరగతితో అయిపోయేది. మోస్రా దాటి కొంత లోపలికి పోతే వచ్చే ఊరు మాది. ఏడు పాసైన మగపిల్లలు సైకిళ్లేసుకుని పెద్ద బడికి పోయేవాళ్లు. ఆడపిల్లలు ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించుకుని, బీడీలు చుట్టడానికి కూర్చునేవాళ్లు. అది అన్యాయమని ఎవరూ అనుకోలేదు. నాకు మాత్రం ఆ చాటను చూస్తేనే ఒళ్లు మండేది. ఒక్కచోట కుదురుగా కూర్చోవడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది, ఎందుకంటే నేను ఖోఖో ఆడే పిల్లను.

ఆడటమంటే ఏదో అందరితో పాటు ఆడటం కాదు. నా గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు గానీ, ఈ వయసులో నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? చుట్టుపక్కల బడుల పోటీల్లో నేను లేచి తరిమానంటే అవతలి పిల్లలు సగం దూరంలోనే నీరుగారిపోయేవాళ్లు. అలాంటి ఒక పోటీలో నన్ను నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక ఆటల సారు చూశాడు. ఆయనది పట్నంలో హాస్టలున్న ప్రైవేటు హైస్కూలు. మర్నాడే మా ఇంటికి వచ్చి, పిల్లను తమ బడిలో చేర్చమనీ, జట్టులో ఆడితే చాలు, చదువుకూ తిండికీ పుస్తకాలకూ ఒక్క పైసా కట్టక్కర్లేదనీ చెప్పాడు.

మా బాపు బోధన్ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. ఆడితే ఫీజు మాఫీ చేస్తారన్న మాట ఆయన అంతకుముందు విని ఎరగడు. ఆ సాయంత్రం గల్లీలో కనిపించిన ప్రతివాడినీ ఆపి, 'మా పిల్ల ఉరుకుతదని సదువు ఉత్తగ సెప్తరంట' అని నవ్వుతూ చెప్పుకున్నాడు. మా అవ్వ నా బట్టలు మూటగట్టడం మొదలుపెట్టింది. నేనైతే నేలమీద నడవలేదు.

సంతోషపడని మనిషి ఇంట్లో ఒక్కతే. మా మేనత్త. బాపుకు అక్క. మామ పోయినప్పటి నుంచి మాతోనే ఉండేది. బీడీలు చుట్టడంలో ఆమెది మామూలు చెయ్యే, మాటల్లో మాత్రం ఆమెను మించినవాళ్లు మా గల్లీలో లేరు. ఎవరి నడకైనా, ఎవరి గొంతైనా అచ్చం అలాగే చేసి చూపించి నవ్వించేది. అలాంటి మనిషి నా సీటు ముచ్చట విని మూతి ముడుచుకుంది. ఎవరి మంచీ ఓర్వలేదని నేను లోపల తిట్టుకున్నాను.

మా పక్కింటి అక్క సంగతి ఇక్కడ చెప్పాలి. నాకంటే రెండేళ్లు పెద్దది. ఆమె కూడా ఆటలోనే ఆ బడికి పోయింది. నాకు ఖోఖో నేర్పింది ఆమే. తొమ్మిదో తరగతి మధ్యలో మూట చంకన పెట్టుకుని తిరిగొచ్చేసింది. చదువు ఒంటబట్టలేదని గల్లీ అంతా అనుకుంది, నేనూ అదే నమ్మాను. అక్క అవునని గానీ కాదని గానీ అనలేదు. రోజూ మా అరుగు మీద మేనత్త పక్కన కూర్చుని, ఒక కాలు మడిచి, ఒక కాలు చాపుకుని, తల ఎత్తకుండా బీడీలు చుట్టేది.

బడులు తెరిచే ముందు నన్ను చేర్పించే రోజు వచ్చింది. బాపుకు తీరిక లేదు, నేను తీసుకుపోతానని మేనత్త ముందుకొచ్చింది. నాకు ఆశ్చర్యమేసింది. పొద్దున్నే నన్ను ఇంటి వెనక రాయి మీద కూర్చోబెట్టి, పసుపూ సున్నమూ కలిపి నా చీలమండకు పట్టు వేసింది. దాని మీద పాత చీర గుడ్డ చుట్టి గట్టిగా ముడేసింది. నాకేం నొప్పి లేదు కదా అత్తా అంటే, "నొప్పి లేదని నాకెరుక, నీకెరుక. ఊరందరికి సాటియ్యకు. కుంటుకుంట నడువు" అంది.

బస్సులో నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. నా సీటు చెడగొట్టడానికే ఈమె బయలుదేరిందని నాకు రూఢి అయిపోయింది. ఆమేమో నా ఏడుపు తనకు పట్టనట్టే కూర్చుంది. కండక్టరు అడిగితే పిల్ల చెరకు బండి మీంచి పడ్డదని చెప్పింది. బోధన్‌లో ఎక్కిన మరాఠీ ఆవిడ అడిగితే పొలం గట్టు మీద జారిందని చెప్పింది. నిజామాబాద్ వచ్చేసరికి నన్ను ఎద్దు కూడా పొడిచింది. నా ఏడుపు చూసి అందరూ అయ్యో పాపం అన్నారు, దాంతో నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

బడి ఆఫీసులో కరస్పాండెంటు సారు మమ్మల్ని కూర్చోమని మర్యాదగా మంచినీళ్లు ఇప్పించాడు. పక్కనే నిలబడ్డ ఆటల సారు నా కాలు చూడగానే మొహం మాడ్చుకున్నాడు. మేనత్త కొంగుతో కళ్లొత్తుకుని, పిల్ల పడ్డదనీ, మళ్లీ ఉరుకుతుందో లేదో దేవుడికే ఎరుకనీ చెప్పి, ఎంతో అమాయకంగా అడిగింది.

"సీటుకేం ఫరక్ పడదు గద సారు?"

కరస్పాండెంటు సారు కొంచెం ఇబ్బంది పడ్డాడు. చెడ్డవాడు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఫీజు మాఫీ ఆడే పిల్లలకేనట. ఆడని ఏడాది అందరిలాగే కట్టాలట. ఏడాది మధ్యలో ఆట ఆగిపోతే మొదటి నుంచీ లెక్కగట్టి ఆ ఏడాది మొత్తం ఫీజూ, హాస్టలు ఖర్చూ వసూలు చేస్తారట. అది కమిటీ పెట్టిన రూలు, తన ఒక్కడి చేతిలో లేదన్నాడు. కాలు బాగయ్యాక తీసుకురమ్మన్నాడు. మా ఇంటికి వచ్చినప్పుడు ఈ ముచ్చట చెప్పలేదేం అని మేనత్త ఆటల సారును అడిగితే ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంకా ఏదో మాట్లాడాలని మేనత్త నన్ను బయట కూర్చోమంది. నేను ఉత్తుత్తి కుంటుతో వరండాలోకి వచ్చి, సీటు పోయిందని కుమిలిపోతూ మెట్ల మీద కూలబడ్డాను. ఎదురుగా మైదానంలో హాస్టలు పిల్లలు ఖోఖోకు వరస కడుతున్నారు. ఒక పిల్ల తక్కువైంది. వాళ్లలో ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి, కాలు నొప్పైతే లేవకు, ఊరికే వరసలో కూర్చో, జాగా నిండితే చాలు అంది. అదైనా దక్కింది కదా అని పోయి కూర్చున్నాను.

ఖోఖో ఆడినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వెనక నుంచి వీపు మీద చెయ్యి పడి, 'ఖో' అని చెవిలో పడిందంటే ఇక ఆలోచన ఉండదు. మనం లేచామని మనకే తర్వాత తెలుస్తుంది. నా వీపు మీద చెయ్యి పడింది. ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్లు తెరిచి చూసుకునేసరికి నేను స్తంభం చుట్టూ తిరిగి, అవతలి పిల్లను తరుముతున్నాను. కట్టు ఊడి, గుడ్డ వెనక తోకలాగా ఈడ్చుకుంటూ వస్తోంది. ఆ పిల్ల మంచి ఆటగత్తె, రెండుసార్లు మెలిక తిరిగి తప్పించుకుంది. మూడోసారి నేను నిలువునా పడి దాని మడమ అందుకున్నాను.

పిల్లలంతా కేకలేశారు. నేను దుమ్ము దులుపుకుంటూ తలెత్తి చూస్తే, వరండాలో కరస్పాండెంటు సారు, ఆటల సారు, మేనత్త ముగ్గురూ నిలబడి ఉన్నారు. నేను ఊడిన గుడ్డను చేత్తో పట్టుకుని మెట్ల దగ్గరికి నడిచాను.

ఆటల సారు మాత్రం పండగొచ్చినట్టు, "సార్, సూసిండ్రా? కట్టు మీదనే గట్ల ఉరికింది!" అని అరిచాడు. కరస్పాండెంటు సారుకు నాటకం అర్థమైంది, ముందు మొహం గంటు పెట్టుకున్నాడు గానీ, తర్వాత నవ్వు ఆగలేదు. కాలికేం కాలేదు కదా, ఇక సీటు ఇచ్చేద్దామన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉన్నది కాస్తా, ఆ మాట వినగానే కొంగు నడుముకు దోపింది.

"ఆగుండ్రి సారు. కాలు బాగుంటె పిల్ల మీది, కాలు పోతె మాదా? మా పక్కింట్ల ఒక పిల్లున్నది. మీ దగ్గరనే ఆడింది, గీ మైదానంలనే మోకాలు పోగొట్టుకున్నది. పైసలు కట్టుమంటె యాడికెల్లి కడ్తరు? దాని బాపు తలదించుకుంటడని ఎవ్వరికి సెప్పకుంట మూట కట్టుకొని ఇంటికొచ్చింది. దానికి సదువు రాదని ఊరంత అంటున్నరు. నా ఒక్కదానికి సెప్పుకొని, నా పక్కన కూసొని ఏడ్సుకుంట బీడీలు సుడుతున్నది."

అక్క చాపిన కాలు రోజూ నా కళ్ల ముందే ఉంది. ఈడ్చి నడిస్తే బెణికిందేమో అనుకున్నాను గానీ, అది మడతపడని కాలని నాకెప్పుడూ తట్టలేదు. కరస్పాండెంటు సారు నవ్వు కూడా ఆగిపోయింది. ఆ పిల్ల ఇష్టం లేక మానేసిందని కదా నాకు చెప్పారు అంటూ ఆటల సారు వైపు తిరిగాడు. ఆటల సారు తల వంచుకుని, రూలు అట్లనే ఉంది కదా సార్, చెప్పి ఏం లాభమని చెప్పలేదు అన్నాడు.

అప్పుడు మేనత్త తన బేరం పెట్టింది. ఈ పిల్ల ఆడినా ఆడకున్నా పది దాకా చదువు చెప్పాలి. పక్కింటి పిల్లను వెనక్కి పిలవాలి. వస్తే ఇద్దరూ వస్తారు, లేకపోతే ఇద్దరూ బీడీలు చుడతారు. చేతికందిన సీటును తీసుకెళ్లి అక్క సీటుతో ముడేసింది. రూలు మారదంటే నా చదువు అక్కడితో సరి. కరస్పాండెంటు సారు నా వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అని నన్ను అడిగాడు.

నాకు అక్క గుర్తొచ్చింది. మట్టిలో కర్రతో గీతలు గీసి, ఎటు తిరగాలో, ఎప్పుడు లేవాలో నేర్పిన అక్క. అక్క రాకపోతే నేనూ రానని చెప్పాను. మైదానం వైపు చూడకుండా చెప్పాను. చూస్తే మాట మారేది.

దారి చూపించింది చివరికి ఆటల సారే. ఆయనకూ లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉన్నట్టుంది. బడిలో పేద పిల్లలకు ఫీజు మాఫీ అని ఇంకో రూలుందనీ, దానికి ఆటతో పనిలేదనీ, ఇంటి పరిస్థితి చూసి పది దాకా ఇవ్వొచ్చనీ గుర్తు చేశాడు. ఆడే పిల్లలకు వేరే మాఫీ ఉంది కదా అని ఇన్నాళ్లూ వాళ్లను ఇందులో ఎవరూ రాయలేదట. ఇద్దరినీ దాని కింద రాద్దాం సార్, ఆట కోసం ఫీజులిచ్చి పిల్లల్ని కొనుక్కొచ్చారని రేపు పోటీల్లో మనల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు కూడా అన్నాడు. కరస్పాండెంటు సారు, సరే, కమిటీతో నేను మాట్లాడతాను, ఇద్దరినీ పంపండి అన్నాడు.

మేనత్త అంతటితో వదిలితే ఇంకేముంది? గీ మాట పదిమందిల చెప్పుండ్రి సారు అంది. ఆయన మళ్లీ నవ్వేసి, మెట్లు దిగి వచ్చి, మైదానంలో పిల్లలందరి ముందూ చెప్పాడు. దెబ్బ తగిలినా, ఆట మానినా, వీళ్ల చదువు పది దాకా ఆగదన్నాడు. మరి మాకు సార్ అని ఆ పిల్లల్లోంచి ఒక గొంతు వినిపించింది. ఆయన ఆ గొంతు వైపు తిరిగి, ఇంట్లో గడవనివాళ్లందరికీ ఇదే అన్నాడు. ఆ పిల్లలు కొట్టిన చప్పట్లకు వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఆ తర్వాత ఎన్నో పోటీలు గెలిచాను గానీ, అలాంటి చప్పట్లు మళ్లీ వినలేదు.

తిరుగు బస్సులో మేనత్త ఆ కథ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది. ఈసారి నిజమే చెప్పింది, కాస్త ఉప్పూకారం జల్లి. ఊళ్లో దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా పక్కింటికి నడిచింది. అక్క ఒళ్లోని చాట తీసి పక్కన పెట్టి, "లే బిడ్డా, బట్టలు సర్దుకో. బడికి పోవాలె" అంది. అక్క నమ్మలేదు. నా మొహం చూసింది. నేను అవునని తలూపాను. అప్పుడు అక్క మేనత్త మెడ పట్టుకుని ఏడ్చిన ఏడుపుకు గల్లీ అంతా పోగైంది. చదువు ఒంటబట్టలేదన్న నోళ్లన్నీ ఆ రోజు మూతబడ్డాయి.

అక్క మళ్లీ ఆడలేదు. మోకాలు మడతపడక పరీక్ష హాల్లో కూడా కాలు చాపుకునే కూర్చునేది. పది పాసైంది, అదీ ఫస్టు క్లాసులో. ఆ ఏడాదే మా జట్టు జిల్లా కప్పు గెలిచింది. కప్పు సంగతి మా గల్లీలో ఎవరూ పట్టించుకోలేదు. మేనత్త చక్కెర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, అక్క పాసైందని అందరి నోళ్లూ తీపి చేసింది. నాకు కొంచెం కోపమొచ్చిన మాట నిజమే గానీ, చక్కెర మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాను.

నేను ఆటల టీచరునై, ఆ పనిలోనే తల నెరిసి రిటైరయ్యాను. ఇప్పటికీ నందిపేట్ నుంచో పోచంపాడ్ నుంచో ఎవరో ఒక తండ్రి, ఫలానా స్కూలు వాళ్లు మా పిల్ల ఆట చూసి సీటిస్తామన్నారు టీచర్, ఫీజు లేదంట, పంపమంటారా అని అడుగుతూ వస్తాడు. నేను ముందు శభాష్ అంటాను. తర్వాత, కాలు విరిగితే ఏం చేస్తారో అడిగి రమ్మని వెనక్కి పంపుతాను. శుభమా అని వస్తే ఇదేం మాట టీచర్ అని చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు. చిన్నబుచ్చుకున్నా సరే, అడిగి వచ్చేదాకా నేను ఊరుకోను. కొన్నిసార్లు నేనే బస్సెక్కి పోయి అడిగాను. గొంతులో మేనత్త పలికేది, నాకే తెలిసేది. నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లల్లో ఆట మధ్యలో ఆగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. చదువు మధ్యలో ఆగినవాళ్లు ఒక్కరూ లేరు.